రొయ్యల చెరువు గట్టున ఉన్న మిత్రునికి

ప్రియమైన దానియేలుకు,

ప్రభువు నామంలో వందనములు. నీ ఉత్తరం అందింది. రెండవ పంటకు కూడా తెల్లమచ్చ తెగులు తగిలి, రొయ్యలు అమ్మకపు సైజుకు (కౌంటుకు) రాకముందే పట్టుబడి చేసి, వచ్చిన ధరకు అమ్ముకోవలసి వచ్చిందని చదివి మా ఇంట్లో అందరమూ ఎంతో బాధపడ్డాము. అయితే ఆ నష్టం కంటే నీవు చివర రాసిన మాట నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. ఈ అప్పు తీరి, ఆ నాలుగు ఎకరాలూ నిలిస్తే అప్పుడు నిశ్చింతగా దేవుణ్ణి సేవించుకుంటానని రాశావు. నిశ్చింతను ఇచ్చేది ఆ ఎకరాలేనా, దానియేలూ?

నడిరాత్రి కరెంటు పోయి, చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే, జనరేటరు అందుకునేలోపు రొయ్యలు ఊపిరాడక నీటి పైకి తేలడం నీ గట్టు మీద నిలబడి నేను కళ్లారా చూశాను. చెక్ ట్రే పైకి లాగి, మేత మిగిలిందో లేదో టార్చిలైటు వెలుగులో చూస్తున్నప్పుడు నీ చేతులు వణకడమూ చూశాను. అన్ని లక్షల పెట్టుబడి ఆ గంటలో నీటిలోని కాస్త ప్రాణవాయువు మీద ఆధారపడి ఉంది. “అస్థిరమైన ధనమునందు నమ్మికయుంచక” దేవునియందే నమ్మికయుంచమని పౌలు తిమోతికి రాసిన మాట నాకు ఆ రాత్రి అర్థమైనంతగా ఏ ప్రసంగంలోనూ అర్థం కాలేదు.

మీ ప్రాంతపు సంగతే ఒకటి గుర్తు చేస్తాను. నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో సువార్త పనికి పునాది వేసిన బౌడెన్ దంపతులు, బీర్ దంపతులు 1836లో ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుండి వచ్చినవారు. బౌడెన్ రాతిపని మేస్త్రీ, బీర్ చెప్పులు కుట్టేవాడు. జీతం ఇస్తామని హామీ ఇచ్చిన సంస్థ ఏదీ వారి వెనుక లేదు. వారిని తీసుకువచ్చిన గ్రోవ్స్ ఎక్సెటరులో మంచి రాబడి ఉన్న దంతవైద్యుడు. భూమిమీద ధనం కూర్చుకోవద్దన్న క్రీస్తు మాటను ఉన్నది ఉన్నట్టుగా పాటించాలని 1825లో ఒక చిన్న పుస్తకం రాసి, ఆ మాట ప్రకారమే వృత్తిని విడిచి, 1829లో భార్యాబిడ్డలతో బాగ్దాదుకు బయలుదేరాడు. 1831లో ఆ నగరాన్ని ప్లేగు, వరద ఒకేసారి ముంచెత్తినప్పుడు అతని భార్య మేరీ ప్లేగుతో చనిపోయింది. తరువాత మన చిత్తూరులో పట్టుపురుగుల పెంపకం మొదలుపెట్టి, అందులో నష్టపోయి, అప్పుల బాధ కూడా అనుభవించాడు. 1853లో బ్రిస్టలులో తన చెల్లెలి భర్త జార్జ్ ముల్లర్ ఇంట్లో కన్నుమూశాడు. ఏ మనిషినీ డబ్బు అడగకుండా వేలమంది అనాథలను పోషించిన ముల్లర్ ఇతడే.

గ్రోవ్స్ గురించి ఇంతగా రాయడానికి కారణముంది. విత్తన కానుక వేస్తే నూరంతలుగా తిరిగి వస్తుందని బోధించేవారు మన మధ్య పెరిగిపోయారు. నీలాంటి కష్టంలో ఉన్నవారిని ఆ బోధ ఎంత గాయపరుస్తుందో తలచుకుంటే నాకు కోపం వస్తుంది. గ్రోవ్స్ ఇచ్చినది అతనికి తిరిగి రాలేదు. అయినా ధనం ఉన్నప్పుడూ, అది పోయినప్పుడూ, అప్పుల్లో ఉన్నప్పుడూ అతడు ఆనుకున్నది ఒకే దేవుని మీద. నీ పంట పోవడం నీ విశ్వాసం తక్కువై కాదు, దేవుడు నిన్ను విడిచిపెట్టడమూ కాదు.

అలాగని రొయ్యపిల్లకు తెగులు ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష చేయించకుండానే చెరువులో వదిలి, దేవుడు చూసుకుంటాడని ఊరుకోమని చెప్పడం లేదు. ఆకాశపక్షులు విత్తవని ప్రభువు చెప్పాడు కానీ, గూటిలో కూర్చుని ఉంటాయని చెప్పలేదు. నీ పని నీవు శ్రద్ధగా చెయ్యి. పోయినదంతా ఒక్క పంటలో రాబట్టాలని మాత్రం మళ్లీ వడ్డీకి తేవద్దు. అప్పు ఇచ్చినాయన దగ్గరకు నీవే వెళ్లి, ఉన్న పరిస్థితి దాచకుండా చెప్పి, గడువు అడుగు. అవసరమైతే ఒక ఎకరం అమ్మడానికీ వెనుకాడవద్దు. ఆ మాట నీకు కష్టంగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను. ఆగిపోయిన కుటుంబ ప్రార్థన మాత్రం అప్పు తీరేదాకా ఆగనవసరం లేదు, ఈ రాత్రే చెల్లెమ్మనూ పిల్లలనూ కూర్చోబెట్టుకుని మొదలుపెట్టు. వచ్చే నెల మొదటి వారంలో నేను నరసాపురం వస్తున్నాను, లెక్కల పుస్తకం సిద్ధంగా ఉంచితే ఇద్దరం కూర్చుని చూద్దాం.

ప్రభువునందు నీ మిత్రుడు,
జాన్