ఇంజిన్ చెడితే తప్పు పైలట్‌దేనా?

సంపాదకుల వారికి,

విశాఖ నుంచి హైదరాబాద్ బయల్దేరిన విమానం ఇంజిన్‌కు పక్షి తగిలిందన్న అనుమానంతో 2025 సెప్టెంబరు 18న వెనక్కి వచ్చి దిగిన వార్త చదివి ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఆనాటి నుంచి టీ కొట్టు దగ్గరా, బస్సులోనూ ఒకటే ప్రశ్న: 'ఇంజిన్ తేడా చేస్తే రన్‌వే మీదే ఆపేయవచ్చు కదా, గాల్లోకి ఎందుకు లేపారు?' సమస్య బయటపడింది విమానం లేచాకే అన్న సంగతి ఎవరికీ పట్టలేదు. 103 మంది ప్రయాణికులను క్షేమంగా తెచ్చి దించినవారికి దక్కిన సత్కారం ఇది.

ఆగాలా, ఎగరాలా అన్నది ఆ క్షణాన తోచినట్టు చేసే పని కాదు. విమానం బరువు, రన్‌వే పొడవు, గాలి, ఎండ అన్నీ లెక్కగట్టి బయల్దేరే ముందే ఒక వేగాన్ని నిర్ణయించుకుంటారు. దాన్ని వీ-వన్ అంటారు. ఆ వేగం అందుకోకముందు ఇంజిన్ పోతే ఆపాలి. దాటాక పోతే ఎగరాల్సిందే, ఎందుకంటే ఆపడానికి రన్‌వే మిగలదు. ఒక్క ఇంజిన్‌తోనూ పైకి లేచి చుట్టి వచ్చి దిగగలదని రుజువైన తర్వాతే ఆ విమానానికి అనుమతి ఇస్తారు. వీ-వన్ అన్న పిలుపు వినగానే కెప్టెన్ ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే మీట, అంటే థ్రాటిల్ మీది నుంచి చెయ్యి తీసేస్తారు. ఆపుదామన్న ఆలోచన పొరపాటున కూడా చేతిదాకా రాకూడదని!

2022లో మన దేశంలోనే రెండూ చూశాం. అక్టోబరు 28న ఢిల్లీలో బెంగళూరు వెళ్లాల్సిన ఇండిగో విమానం రన్‌వే మీద పరుగెడుతుండగా ఇంజిన్ నుంచి నిప్పులు వచ్చాయి. పైలట్లు ఆపేశారు. అంతకుముందు జూన్ 19న పట్నాలో స్పైస్‌జెట్ విమానం నేల విడుస్తుండగా ఎడమ ఇంజిన్‌కు పక్షి తగిలి మంటలు లేచాయి. కెప్టెన్ మోనికా ఖన్నా ఆపలేదు. పైకి వెళ్లి, ఆ ఇంజిన్ కట్టేసి, ఒక్కదానితోనే తిరిగి వచ్చి దించారు. ఆపినవారిదీ ఒప్పే, ఎగిరినవారిదీ ఒప్పే. కంగారుపడితే ఏమవుతుందో తైవాన్ రాజధాని తైపేలో తెలిసింది. 2015 ఫిబ్రవరి 4న ట్రాన్స్‌ఏషియా విమానం లేచిన కాసేపటికే ఒక ఇంజిన్ శక్తి కోల్పోతే, పైలట్ బాగున్న రెండోదాన్ని కట్టేశారు. 43 మంది పోయారు.

2025లో విమానం కూలిన అహ్మదాబాద్ ఘోరం తర్వాత మన దగ్గర ఇంటికొక విమాన నిపుణుడు తయారయ్యాడు. 260 మందిని పొట్టనపెట్టుకున్న ఆ ప్రమాదంపై తుది నివేదిక రాకముందే మన టీవీలు పైలట్లకు శిక్ష కూడా వేసేశాయి. పోయినవారు వచ్చి సమాధానం చెప్పలేరు కదా, సౌకర్యమే!

సరే, పక్షి సంగతికి వద్దాం. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు జంతువులను వధించడం, పక్షులను ఆకర్షించే చెత్త పారేయడం నిషిద్ధమని 1937 నాటి విమాన నిబంధనల్లో 91వది చెబుతోంది. ఆదివారం మధ్యాహ్నం మాంసం దుకాణాలు కట్టేశాక మా వైపు గెడ్డ (వాగు) గట్టుకు రండి. నల్ల కవర్లలో మూటగట్టిన కోడి పేగులు, ఈకలు, వాటిని చీల్చే కుక్కలు, నెత్తిమీద గిరికీలు కొట్టే గద్దలు. సంబంధిత కార్యాలయానికి ఫోను చేస్తే 'అది మా పరిధి కాదండీ' అన్నారు. ఎవరి పరిధో చెప్పమంటే పెట్టేశారు. గద్దలకు పరిధుల బెడద లేదు కాబట్టి అవి హాయిగా రన్‌వే దాకా వెళ్లి వస్తున్నాయి.

పైన కనిపెట్టాల్సిన కేంద్ర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ సంగతి చెప్పనే అక్కర్లేదు. మంజూరైన 1,063 పోస్టుల్లో నిండినవి 553 అని పార్లమెంటరీ సంఘమే 2025లో లెక్క చెప్పింది. విమానయాన మంత్రి మన ఉత్తరాంధ్ర వారే, ఆ పోస్టులు నింపించడానికి ఇంకెవరిని బతిమాలాలి? భోగాపురం కొత్త విమానాశ్రయం ఉండగా ఇక్కడి గోల దేనికి అంటారేమో. దాని చుట్టూ దుకాణాలు వెలవడానికి ఎన్నాళ్లు పడుతుంది? అనుమతులిచ్చేది ఈ అధికారులే.

'త్రుటిలో తప్పిన పెను ప్రమాదం' అని పెద్ద అక్షరాల్లో వేసే పత్రికలకూ ఒక మనవి. ఈసారి ఆదివారం మీ విలేకరిని కెమెరాతో గెడ్డ గట్టుకు పంపండి. మూటలు తెచ్చి పారేసేవారిని, చూసీ చూడనట్టు పోయే అధికారులను ఫొటో తీయించి, వారి పేర్లూ హోదాలతో సహా మొదటి పేజీలో వేయండి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం