విషయం: రెండు వాయిస్‌లున్న స్టాఫ్‌లో స్లర్‌లు తప్పు వైపుకు పోతున్నాయి

కస్టమర్ సపోర్ట్ విభాగం వారికి,

నమస్కారం. గుంటూరులో మా చర్చి క్వయర్ కోసం తెలుగు కీర్తనలను నాలుగు పార్టులుగా రాస్తుంటాను. మీ నొటేషన్ (సంగీతాన్ని లిపిలో రాసే) సాఫ్ట్‌వేర్‌కు మూడేళ్లుగా చందా కడుతున్నాను.

సోప్రానో (పై గొంతు), ఆల్టో (దాని కింది గొంతు) ఒకే స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతల వరస) మీద ఉంటే సోప్రానో స్టెమ్‌లు (స్వరాల నిలువు కాడలు) పైకి, ఆల్టో స్టెమ్‌లు కిందికి ఉండాలి. స్వరాలను కలిపే వంపు గీతలైన స్లర్‌లూ అంతే. రెండు వాయిస్‌లూ కనిపిస్తున్నంతసేపు మీ ప్రోగ్రాం ఈ పద్ధతే పాటిస్తుంది. ఆల్టో ఒంటరిగా ఎత్తుకునే బార్‌లో (తాళ విభాగంలో) సోప్రానో రెస్ట్‌ను (మౌనం గుర్తును) దాచామంటే మాత్రం అక్కడ ఒక్క వాయిసే ఉందనుకుంటుంది. స్వరాలు మధ్యగీత మీదో, ఆ పైనో ఉంటే స్టెమ్ కిందికే ఉంటుంది కాబట్టి, ఒంటరి వాయిస్ నియమం ప్రకారం స్లర్‌ను పైకి ఎక్కిస్తుంది.

క్రిస్మస్ ప్రాక్టీసులో దీనివల్ల ఏం జరిగిందో చెబుతాను. ఆల్టోలు 'దేవా'లో 'దే'ను సాగదీస్తూ తర్వాతి బార్‌లోకి వెళ్లాలి. సరిగ్గా అక్కడే సోప్రానోలు కొత్త మాట అందుకోవాలి. పైకి లేచిన ఆల్టో స్లర్ సోప్రానో మొదటి స్వరాన్ని తాకుతూ ఆగింది. మా సోప్రానో పిల్లలు ఆ గీత తమదే అనుకున్నారు, అక్షరం పలకకుండా ఆగిపోయారు. పాటలో స్లర్ అంటే ఏ అక్షరం ఎన్ని స్వరాల మీద నడుస్తుందో చెప్పే గుర్తు. అది పక్కవాళ్ల నెత్తిన పడితే చదివేవాళ్లు ఏం చేస్తారు?

స్లర్‌ను ఎంచుకుని చేత్తో తిప్పుకోమని మీవాళ్లు జవాబిచ్చారు. పాట పొడవునా తిప్పాను. ఎఫ్ నుంచి జికి శ్రుతి మార్చగానే అన్నీ మళ్లీ పైకి పోయాయి. పండగ ముందు రెండు రాత్రులు ఆ పనికే పోయాయి. స్కోర్‌ను ఒక ప్రోగ్రాం నుంచి మరోదానికి పంపే ఫైల్ పద్ధతి మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్‌లో స్లర్ పైనా కిందా అని రాసుకునే వీలున్నా, మీ ఎక్స్‌పోర్ట్ ఆ వివరం రాయడం లేదు. ఉచితంగా దొరికే నొటేషన్ ప్రోగ్రాం లిలిపాండ్‌లో స్లర్ దిక్కు ఒక్క ఆదేశంతో ఖాయమవుతుంది.

నేను అడిగేది ఇదీ: ప్రతి వాయిస్‌కూ స్లర్ దిక్కును నేనే స్థిరపరిచే వీలు కావాలి, శ్రుతి మార్చినా అది చెదరకూడదు, ఎక్స్‌పోర్ట్‌లోనూ రావాలి. ఏ అప్‌డేట్‌లో సరిచేస్తారో 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి. కుదరదంటే మిగిలిన నెలల చందా వాపసు ఇవ్వండి. శ్రుతి మార్చకముందు, మార్చాక ఉన్న రెండు ఫైళ్లూ జతచేశాను. 12వ బార్ నుంచి చూడండి.

ఇట్లు,
క్వయర్ నిర్వాహకురాలు, గుంటూరు