నడకతో ఆపకండి, బరువుల పట్టిక కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో అరవై దాటినవాళ్ల గురించి ఎప్పుడు రాసినా నడక, యోగా, ప్రాణాయామం దగ్గరే ఆగిపోతోంది. బరువులెత్తడం గురించి రాస్తే పక్కన కండలు తిరిగిన కుర్రాడి ఫొటో వేస్తారు. ఆ పేజీలో నా వయసు ఆడవాళ్లకూ చోటు కావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మాది పెరంబూరు. చెన్నైలో చాలా ఇళ్లకు తాగే నీళ్లు ఇరవై లీటర్ల క్యాన్లలోనే వస్తాయి. తెచ్చిన అబ్బాయి గుమ్మంలో పెట్టి వెళ్లిపోతాడు. అంటే ఇరవై కిలోల బరువు. దాన్ని స్టాండు మీదికి ఎత్తాలంటే మా ఆయనా నేనూ పక్కింటి పిల్లాడి కోసం కూర్చునేవాళ్లం. రోజూ నడుస్తాను కాబట్టి షుగర్ అదుపులోనే ఉంది, ఆయాసం లేదు. కానీ క్యాన్ ఎత్తే బలం నడకతో రాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో నడకలాంటివాటితో పాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ఉంది. 65 దాటినవాళ్లకూ అదే మాట. ఈ రెండో సగం మన పేపర్లలో ఎందుకు కనిపించదు?

దగ్గర్లోని ఒక జిమ్‌లో చేరితే ఇరవై ఏళ్ల అబ్బాయికీ నాకూ ఒకే జెరాక్స్ కాగితం ఇచ్చారు. నాకు బీపీ ఉందా, మోకాళ్లెలా ఉన్నాయి అని అడిగిన పాపాన పోలేదు. తర్వాత డాక్టరు సరేనన్నాక, ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర కూర్చుని నా ప్లాన్ నేనే రాసుకున్నాను. సోమవారం, గురువారం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, నేల మీది బరువు ఎత్తడం, గోడకు దండీలు, డంబెల్‌ను నడుం వైపు లాగడం, రెండు చేతుల్లో సంచులు పట్టుకుని నడవడం. అంతే. పదిసార్లు చేశాక ఇంకో రెండు మూడు చేయగలను అనిపించే బరువుతో మొదలుపెట్టాలి. ఆగకుండా వరసగా చేసే ఒక్కో విడతను సెట్ అంటారు. అన్ని సెట్లలోనూ పన్నెండుసార్లు హాయిగా వస్తేనే ఇంకో కిలో. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, బీపీ పెరుగుతుంది. జ్వరమొచ్చినా, ఊరెళ్లి వచ్చినా బరువు తగ్గించి మళ్లీ మొదలుపెట్టాలి. మానేసిన రోజుది కలిపి చేయకూడదు. అన్నీ డైరీలో రాస్తాను. రాయకపోతే పోయిన వారం ఎంత ఎత్తామో గుర్తుండదు, మనసుకు తోచినంత ఎత్తి నడుం పట్టేయించుకుంటాం.

ఇలా కొలిచి పెంచే పద్ధతి ఫ్యాషన్ కోసం పుట్టలేదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో థామస్ డిలోర్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు దెబ్బ తిన్న సైనికుల కాళ్లకు బలం తేవడానికి దీన్ని వాడి, 1945లో ప్రచురించాడు. ఆడవాళ్లకు బరువులెందుకు అని మా కాలనీలో ఇప్పటికీ అంటారు. 2000లో సిడ్నీలో మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలెత్తి ఒలింపిక్ పతకం తెచ్చింది కదా! అయినా ఆడవాళ్లకెందుకు అనే మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది.

ప్రస్తుతం నేను క్యాన్‌ను స్టూలు ఎత్తు దాకా లేపుతున్నాను. స్టాండు ఇంకా ఎత్తు, దానికి టైమ్ పడుతుంది.

కార్పొరేషన్‌కు కూడా ఒక మాట. మా పార్కులో పెట్టిన వ్యాయామ పరికరాల్లో బరువు మార్చే వీలు లేదు. మొదటి నెలలో ఎంతో, ఏడాది తర్వాతా అంతే. నాలుగైదు రకాల బరువులు, చూసుకోవడానికి ఒక మనిషి ఉంటే మాలాంటివాళ్లు జిమ్ ఫీజు కట్టక్కర్లేదు.

మీరు చేయగలిగింది ఇంకా తేలిక. ఫిజియోథెరపిస్టులతో మాట్లాడి, యాభై దాటిన ఆడవాళ్ల కోసం పన్నెండు వారాల పట్టిక ఒకటి వేయండి. ఏ వారం ఎంత బరువు, ఎన్నిసార్లు అని రాసుకోవడానికి ఖాళీ గళ్లు వదలండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఏది మానాలో కూడా రాయించండి. మా పార్కుకు వచ్చేవాళ్లలో తెలుగు చదవగలిగినవాళ్లు చాలామంది ఉన్నారు. జెరాక్సులు తీసి పంచే పని నాది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై