తేలినీలాపురంలో కూడా పక్షుల్ని అలా చూడనివ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం. మాది టెక్కలి. పోయిన నవంబరులో దక్షిణాఫ్రికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, మొజాంబిక్ సరిహద్దులో ఉన్న ఎన్డుమో అభయారణ్యానికి తీసుకెళ్లారు. 1924లో నీటి ఏనుగుల కోసం పెట్టిన చిన్న అడవి అది, కానీ అక్కడ 430కి పైగా రకాల పక్షులు కనిపిస్తాయట. పసుపు రాసినట్టున్న మానులతో ఫీవర్ చెట్లు, వాటి నడుమ న్యామితి సరస్సు, ఒడ్డున పక్షులకు కనబడకుండా కూర్చుని చూసేందుకు చెక్కలతో కట్టిన చాటు గది. అందులో నోరు మెదపకుండా గంటసేపు కూర్చున్నాం. ఓ గూడబాతు (పెలికాన్) ముక్కు కింద సంచిని నీళ్లలో ముంచి, నీరంతా కార్చేసి తల పైకెత్తింది, ఆ పల్చటి తోలు లోంచి చేప కొట్టుకోవడం కూడా కనిపించింది. నాకు వెంటనే మా టెక్కలి దగ్గరి తేలినీలాపురం గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

ఎందుకంటే గూడబాతులు ఆ ఊళ్లో ఇళ్ల పక్క చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి, రెట్టల వాసన భరిస్తూ కూడా ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. చూడ్డానికి వచ్చేవాళ్లే కేకలు, ఈలలు, సెల్ఫీలు! నేను వెళ్లిన రోజు ఓ కుర్రాడు గూటి మీదికి రాయి విసిరాడు, ఆపేవాళ్లు లేరు.

అటవీ శాఖ వారిని అడిగేది ఇంతే: గూళ్లకు దూరంగా అలాంటి చాటు గది ఒకటి, మంచి బైనాక్యులర్లు నాలుగు, పక్షుల సంగతి చెప్పడానికి ఆ ఊరి పిల్లలకే జీతమిచ్చి ఉద్యోగాలు. మన జిల్లాలోనే ఇచ్ఛాపురం దగ్గరున్న తేలుకుంచిలో నత్తగుల్ల కొంగల దగ్గర కూడా ఇదే ఏర్పాటు చేయండి.

— ఒక పాఠకుడు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా