విషయం: ఫైబర్‌గ్లాస్ కిటికీలకు బదులు వినైల్ బిగించడం, ఫిర్యాదును పట్టించుకోకపోవడం

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. పొరపాటున వేరే సరుకు రావడం ఏ కంపెనీలోనైనా జరుగుతుంది. దానికి నేను ఇంత ఉత్తరం రాసేవాణ్ణి కాదు. చెప్పింది వినే నాథుడు మీ దగ్గర ఒక్కడూ లేడని రాస్తున్నాను.

మా పడమటి గదికి ఫైబర్‌గ్లాస్ ఫ్రేములే కావాలని ఆర్డర్ ఫారంలో రాయించాను. బిగించింది ముదురు గోధుమరంగు వినైల్, అంటే పీవీసీ ప్లాస్టిక్. మూల చూస్తేనే తెలిసిపోతుంది. వినైల్ ఫ్రేము ముక్కల్ని వేడిచేసి అతికిస్తారు కాబట్టి మూలలో ఏటవాలుగా అతుకు గీత ఉంటుంది. ఫైబర్‌గ్లాస్ అలా కరిగి అతుక్కునే సరుకు కాదు, దాని మూలల్ని స్క్రూలతోనో, జిగురుతోనో కలపాల్సిందే.

ఈ మాట చెబుదామని ఫోన్ చేస్తే, "మీ కాల్ మాకు చాలా ముఖ్యం" అనే రికార్డు, దాని వెనక పాట. చివరికి లైన్లోకి వచ్చిన అమ్మాయి అంతా విని, "ఇది సేల్స్ వాళ్లు చూడాలి సార్" అని అటు కలిపింది. సేల్స్ అతను ఇన్‌స్టలేషన్ వాళ్లను అడగమన్నాడు. వాళ్లు మళ్లీ కస్టమర్ కేర్‌కే ఫోన్ చేయమన్నారు. ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పాలి. ఫొటోలు పంపమంటే పంపాను, అందలేదన్నారు. మళ్లీ పంపాను. ఆ తర్వాత ఎవరూ పలకలేదు.

ఒకాయనైతే "రెండూ ప్లాస్టికే కదా సార్, పెద్ద తేడా ఏముంది" అన్నాడు. తేడా ఉంది. రెండు మీటర్ల వినైల్ ఫ్రేము 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఫైబర్‌గ్లాస్ అర మిల్లీమీటరు దగ్గర ఆగుతుంది, ఎందుకంటే అందులో ఉన్నది చాలావరకు గాజు పోగులే. లోపలి అద్దం ఎంత పెరుగుతుందో అదీ ఇంచుమించు అంతే. పైగా ముదురు రంగు వినైల్ ఎండను ఇంకా ఎక్కువ లాక్కుంటుంది. మధ్యాహ్నమయ్యేసరికి మా కిటికీ తలుపు బిగుసుకుపోయి కదలదు, పొద్దు వాలాక తెరుచుకుంటుంది.

అసలు ఒళ్లు మండిన సంగతి ఇది. మధ్యాహ్నం రమ్మని మరీమరీ చెబితే మీ టెక్నీషియన్ పొద్దున్నే వచ్చాడు. చల్లగా ఉంది కాబట్టి తలుపు హాయిగా జరిగింది. "సమస్య ఏం లేదు సార్" అని ఫోన్‌లో ఏదో నొక్కి, ఓటీపీ చెప్పమన్నాడు. వచ్చి చూసినట్టు నమోదుకే అన్నాడు, చెప్పాను. అతను మెట్లు దిగకముందే "మీ ఫిర్యాదు పరిష్కారమైంది, రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్! ఏం పరిష్కరించారండీ? అడుగుదామంటే, క్లోజ్ అయిన ఫిర్యాదును తెరవడం కుదరదంటున్నారు.

నేను వినైల్‌ను చెడ్డదనడం లేదు. పాత ఇంట్లో మీరు బిగించిన తెల్ల వినైల్ కిటికీలు నీడవైపు ఏళ్ల తరబడి చక్కగా పనిచేశాయి. ధరా తక్కువే. ఆ నమ్మకంతోనే మా బావమరిది ఇంటికీ, పక్కింటి వాళ్లకీ మీ పేరు చెప్పాను. ఇప్పుడు వాళ్ల ముందు తలెత్తుకోలేకపోతున్నాను. పాత కస్టమర్‌కు మీరిచ్చే విలువ ఇదేనా?

అడిగిన సరుకు బిగించండి, లేదా డబ్బు వాపసు ఇవ్వండి. దానికన్నా ముందు, ఫిర్యాదు ఎవరి మాట మీద మూసేశారో నాకు తెలియాలి. ఈసారి కూడా పలకకపోతే ఆర్డర్ ఫారం, ఫొటోలు, మీ మెసేజ్‌లు అన్నీ పట్టుకుని వినియోగదారుల కోర్టుకు వెళతాను. జవాబు ఫోన్‌లో వద్దు. బాధ్యత ఉన్న అధికారి పేరు, సంతకంతో రాతపూర్వకంగా పంపండి.

ఇట్లు,
మీ పాత కస్టమర్