వెంటిలేటర్ తీశాక గొంతు సంగతి ఎవరు చూస్తారు?

ఎడిటర్ గారికి,

మనిషి ఐసీయూ నుంచి ప్రాణాలతో బయటపడితే ఇంట్లోవాళ్లకి అంతకంటే ఏం కావాలి, బిల్లు కట్టి మందుల చీటీ పట్టుకుని వచ్చేస్తాం. వెంటిలేటర్ కోసం నోట్లోంచి వేసిన పైపు లోపల ఏం చేసిందో అప్పుడు ఎవరూ చెప్పరు, మనకీ అడగాలని తోచదు.

ఆ పైపు స్వరతంతువుల మధ్య నుంచి శ్వాసనాళంలోకి దిగుతుంది. దాని చివర ఉండే కఫ్ అనే బుడగలో గాలి నింపుతారు, ఊపిరి పక్కల నుంచి పోకుండా, ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి జారకుండా. అందులో ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య ఉండాలి, 30 మించకూడదు. మించితే అక్కడి పొరకు రక్తం అందక పుండు పడుతుంది, అది మానేటప్పుడు మచ్చ కట్టి నాళం ఇరుకైపోతుంది. ఒత్తిడి కొలవడానికి చిన్న మీటరు ఉంది. అయినా చాలాచోట్ల కఫ్‌కి కలిపి బయట వేలాడే చిన్న బెలూన్‌ని వేళ్లతో నొక్కి చూసి సరిపోయిందనుకుంటారు, ఆ అంచనా నమ్మదగ్గది కాదని వైద్యులకి తెలిసిందే.

అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వైద్యులు 12 గంటలకు పైగా పైపు ఉన్న 100 మందిని కెమెరాతో పరీక్షిస్తే 57 మందికి గొంతులో గాయాలు కనిపించాయని 2019లో ప్రచురించారు. షుగరు, ఊబకాయం ఉన్నవాళ్లలో, లావు పైపు వేసినవాళ్లలో అవి ఎక్కువ. చాలామందికి బొంగురు గొంతు కొన్నాళ్లకి దానంతటదే తగ్గుతుంది, భయపెట్టడానికి రాయడం లేదు.

కానీ మన జిల్లాల్లో పురుగుమందు తాగి రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉండేవాళ్లు ఎందరో, అందులో కుర్రాళ్లే ఎక్కువ కనిపిస్తారు. మా బంధువుల అబ్బాయి అలాగే బతికి వచ్చాడు. నెల తిరక్కముందే మెట్లెక్కితే ఆయాసం, ఊపిరి పీలిస్తే ఈల వేసినట్టు శబ్దం. ఊళ్లో ఆర్ఎంపీ ఉబ్బసం అన్నాడు, టౌన్లో పెద్ద డాక్టరూ అదే అని ఇన్‌హేలర్ రాశారు, ఛాతీ ఎక్స్‌రే చూస్తే శుభ్రంగా ఉంది మరి! చివరికి ఈఎన్‌టీ డాక్టరు కెమెరా పెట్టి చూసేసరికి నాళం సగానికి పైగా పూడిపోయి ఉంది. ఇప్పుడు మెడ దగ్గర రంధ్రంతో ఊపిరి తీసుకుంటున్నాడు, ఆపరేషన్ చేయాలట. డిశ్చార్జి సమ్మరీలో పైపు ఎన్నాళ్లుందో ఒక్క ముక్క లేదు.

పైపు వేయకపోతే వాడు బతికేవాడే కాదు, ఆ మాట ఎవరూ కాదనరు. తర్వాత జాగ్రత్త చెప్పడానికి ఏం అడ్డం వచ్చిందన్నదే నా బాధ. ఉబ్బసంలో పిల్లికూతలు ముఖ్యంగా ఊపిరి వదిలేటప్పుడు వస్తాయి, నాళం పైభాగం ఇరుకైతే పీల్చేటప్పుడు శబ్దం వస్తుంది. వెంటిలేటర్ మీద ఉండి వచ్చినవాళ్లకి ఆ శబ్దం మొదలైనా, నీళ్లు తాగితే పొలమారుతున్నా, రెండు మూడు వారాలైనా గొంతు రాకపోయినా ముందు ఈఎన్‌టీ దగ్గరికి తీసుకెళ్లండి. శబ్దంతో పాటు ఊపిరి అందకపోతే మాత్రం ఓపీ కోసం ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకే.

ఆరోగ్యశ్రీ (ఆంధ్రాలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) బిల్లుకి ఫొటోలు, రిపోర్టులు, సంతకాలు ఇన్ని జత చేయమంటున్నారు కదా. పైపు సైజు ఎంత, ఎన్ని రోజులుంది, గొంతు పరీక్షకి మళ్లీ ఎప్పుడు రావాలి అన్నవి డిశ్చార్జి సమ్మరీలో లేకపోతే బిల్లు పాస్ చేసేది లేదని ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ ఒక్క మాట అంటే, ఆ వివరాలు రాయని ఆసుపత్రి ఉండదు.

— ఒక పాఠకురాలు, నరసరావుపేట