అమ్మకి, థాంక్స్‌గివింగ్ సంగతులు

అమ్మా,

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? ఇదంతా ఫోనులో చెబుదామంటే నీకు సగమే వినపడుతుంది, స్పీకర్ పెట్టావంటే మొత్తం పక్కింటివాళ్ళకి వినపడుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. కళ్ళజోడు పెట్టుకుని, వీధి తలుపు గడియ వేసుకుని చదువుకో.

తన కూతురు బుజ్జి పండగంతా పాడుచేసిందని పెద్దన్నయ్య నీకు ఫోన్ చేసి చెప్పాడట. చిన్నన్నయ్య ఇంకో రకంగా చెప్పాడట. పెద్దొదిన ఏడ్చిందట. నువ్వేమో ఆదివారం వీడియో కాల్‌లో ఆ పిల్లకి గట్టిగా గడ్డి పెడతానన్నావట. ఆ పని చేసేముందు జరిగింది జరిగినట్టు నా దగ్గర విను. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరి పక్షమూ కాకుండా ఉన్నది నేనూ మీ అల్లుడూను. ఆయన మధ్యాహ్నం డెట్రాయిట్ వాళ్ళ ఫుట్‌బాల్ ఆటతో మొదలుపెట్టి డల్లాస్ వాళ్ళ ఆట అయ్యేదాకా టీవీ ముందునుంచి లేవలేదు కనుక ఆయన సాక్ష్యం చెల్లదు.

ఈ థాంక్స్‌గివింగ్ పండగ ఇక్కడ అమెరికాలో నవంబర్ నాలుగో గురువారం వస్తుంది. 1863లో లింకన్ దేశమంతా జరుపుకోవాలని ప్రకటించాడు, 1941లో నాలుగో గురువారమని చట్టం చేశారు. ఎక్కడెక్కడి వాళ్ళూ ఇంటికి చేరతారు, అచ్చం మనకి సంక్రాంతికి తెనాలి రైళ్ళు కిక్కిరిసినట్టు. మనవాళ్ళకి దాంతో చుట్టరికం ఏమీ లేకపోయినా వరసగా నాలుగు రోజులు సెలవు దొరికేది అప్పుడే. అందుకే ఈసారి అన్నదమ్ములిద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాలని పెద్దొదిన పట్టుబట్టింది. చిన్నన్నయ్యావాళ్ళు న్యూజెర్సీ నుంచి బుధవారం సాయంత్రమే వచ్చారు. వచ్చి, అన్నయ్య ఇంట్లో రెండు గదులు ఖాళీగా ఉంటే హోటల్లో దిగారు. పండగ అక్కడే సగం అయిపోయింది.

మిగతా సగం టర్కీ కోడి చేసింది. తినేవాళ్ళు గట్టిగా లెక్కేస్తే ఆరుగురు లేరు, అన్నయ్య పద్ధెనిమిది పౌన్ల పక్షిని తెచ్చాడు. ఎనిమిది కిలోల పైమాటే. రాయిలా గడ్డకట్టి ఉంటుంది. ఫ్రిజ్‌లో నాలుగైదు పౌన్లకి ఒక రోజు చొప్పున కరగాలి, అంటే ఆదివారమే ఫ్రీజర్‌లోంచి తియ్యాలి. మనవాడు బుధవారం రాత్రి తీశాడు. ఇక మిగిలిన దారి చన్నీళ్ళలో ముంచడం. దానికి పౌనుకి అరగంట, అరగంటకోసారి నీళ్ళు మార్చాలి. తొమ్మిది గంటల పని. సింకులో పట్టలేదని తీసుకెళ్ళి కింద బాత్రూం టబ్బులో పడేశాడు.

ఆ బాత్రూం నీ వియ్యపురాలిది. ఈ ఏడాది థాంక్స్‌గివింగ్ కార్తీకమాసంలోనే పడింది. ఆవిడ నెలంతా నక్తాలుంటున్నారు, తెల్లవారుజామునే స్నానం, దీపం. నాలుగింటికి లైటు వేసి చూసేసరికి టబ్బులో తల లేని పక్షి. ఆ కేకకి ఇల్లంతా లేచింది, మేడ మీద పడుకున్న నేను కూడా. "నేను ఇండియా వెళ్ళిపోతాను, టిక్కెట్ కొనండి" అని ఆవిడ, "ఒక్కరోజు సర్దుకోలేరా" అని అన్నయ్య, మధ్యలో వదిన పసుపు నీళ్ళు పట్టుకుని. నీకూ ఆవిడకీ పడదని నాకు తెలుసు, కానీ నిజం చెప్పాలంటే ఆ పూట న్యాయం ఆవిడ వైపే ఉంది.

ఇక బుజ్జి. దానికి పదహారు నిండాయి. కూచిపూడి మానేసింది. జుట్టు మెడ దాకా కత్తిరించుకుని సగానికి ఆకుపచ్చ రంగు వేసుకుంది. గుళ్ళో తెలిసినవాళ్ళు చూస్తారని వదిన దాన్ని యాష్‌లాండ్ గుడికి తీసుకెళ్ళడమే మానేసింది. బుజ్జి అంటే పలకడం లేదు, పూర్తి పేరు పెట్టి పిలవాలి. ఎదురు మాట్లాడుతుంది, తలుపు ధడాల్న వేస్తుంది. దానికి పొగరు లేదని నేననను.

కానీ అది చెప్పకుండా వెళ్ళిందన్నది మాత్రం అబద్ధం. రెండు వారాలుగా చెబుతూనే ఉంది: థాంక్స్‌గివింగ్ రోజు నేను ప్లిమత్ వెళ్తాను, బుధవారం సూర్యాస్తమయం నుంచి ఉపవాసం ఉంటాను, టర్కీ తినను అని. ప్లిమత్ అంటే ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చినవాళ్ళు 1620లో దిగిన ఊరు. వీళ్ళ ఇంటికి కారులో గంటా పదిహేను నిమిషాల దూరం. ఆ ఊళ్ళో, సముద్రం పక్కన కోల్స్ హిల్ అనే దిబ్బ మీద, ప్రతి థాంక్స్‌గివింగ్ మధ్యాహ్నం అక్కడి మూలవాసులు చేరి సంతాప దినం జరుపుకుంటారు. 1970లో మొదలైంది. ఓడ వచ్చి మూడొందల యాభై ఏళ్ళయిందని ప్రభుత్వం విందు పెట్టి, వామ్‌సుట్టా ఫ్రాంక్ జేమ్స్ అనే వాంపనోగ్ తెగ పెద్దమనిషిని మాట్లాడమని పిలిచింది. ఆయన ఏం చెప్పబోతున్నాడో ముందే చదివి, ఇది కాదు, మేం రాసిచ్చింది చదవమన్నారట. ఆయన చదవనన్నాడు. ఆ ఏడాది థాంక్స్‌గివింగ్‌కి తనవాళ్ళని వెంటబెట్టుకుని ఆ దిబ్బ మీద నిలబడ్డాడు. అప్పటినుంచీ ఏటా ఆగకుండా జరుగుతోంది. చాలామంది ముందురోజు సాయంత్రం నుంచి ఏమీ తినకుండా వస్తారు.

ఇదంతా అది అన్నం బల్ల దగ్గర చెబుతూనే ఉందమ్మా. అన్నయ్య ఫోను చూసుకుంటూ "ముందు కెమిస్ట్రీ మార్కుల సంగతి చూడు" అన్నాడు. కారు తాళాలు దాచేశాడు. అది స్నేహితురాలి వాళ్ళమ్మతో మాట్లాడుకుని, పొద్దున్నే వాళ్ళ కారులో వెళ్ళిపోయింది. పిల్లలు ఎక్కడున్నారో చూపించే యాప్ ఒకటుంటుంది ఫోనుల్లో. ఇది ఆ ఫోను దిండు కింద పెట్టి మరీ వెళ్ళింది. యాప్‌లో ఇంట్లోనే ఉన్నట్టు చూపిస్తోంది, అలిగి పడుకుందనుకున్నారు. మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఒక్కరూ తలుపు తీసి చూడలేదు. ఫోను వదిలి వెళ్ళడం తప్పే, ఆ మాట దానికి నేనే మొహాన చెప్పాను. కానీ నాలుగు గంటలు కూతురు ఇంట్లో లేదని తెలియనివాళ్ళు ఆ తర్వాత చేసిన హడావిడి నువ్వు చూడాలి. అన్నయ్య పోలీసులకి ఫోన్ చేస్తానన్నాడు. వదిన నట్టింట్లో కూలబడింది. ఈలోగా దాని తమ్ముడు వెధవ, పదేళ్ళవాడు, "అక్క ప్లిమత్ వెళ్ళింది, నాకు పది డాలర్లిచ్చి చెప్పొద్దంది" అని తాపీగా బయటపెట్టాడు.

సాయంత్రం అయిదింటికి వచ్చింది. ఆ రోజంతా వాన. తడిసి ముద్దయి, మూతి బిగించుకుని గుమ్మంలో నిలబడింది. అన్నయ్య అక్కడే అందుకున్నాడు. నీ వియ్యపురాలు పూజ దగ్గర్నుంచి లేచొచ్చి, "ఉపవాసమున్న పిల్లని గుమ్మంలో నిలబెట్టి తిట్టకూడదు, తప్పుకో అల్లుడూ" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. తల తుడిచారు. దీపం పెట్టించారు. ఇద్దరూ వంటింట్లో చిన్న బల్ల దగ్గర కూర్చుని పులిహోర తిన్నారు. బుజ్జి ఆవిడకి కథ చెబుతోంది, నేను పక్కనే చింతపండు గిన్నె తోముతూ విన్నాను. 1621లో మొదటి పంటకి తెల్లవాళ్ళు విందు చేసుకుంటే మాససాయిట్ అనే వాంపనోగ్ రాజు తొంభైమందితో వచ్చాడు, వాళ్ళు అయిదు జింకల్ని కొట్టి తెచ్చిచ్చారు, మూడు రోజులు కలిసి తిన్నారు. యాభై ఏళ్ళు తిరిగాక యుద్ధమొచ్చింది. ఆ రాజు కొడుకు మెటాకామ్‌ని 1676లో చంపి, తల ఆ ప్లిమత్‌లోనే కొయ్యకి గుచ్చి ఇరవయ్యేళ్ళ పైగా ఉంచారు.

ఆవిడ ముద్ద చేతిలోనే పట్టుకుని, "అన్నం పెట్టినవాడి కొడుకునా?" అన్నారు. ఆ తర్వాత ఆవిడ టర్కీ జోలికే కాదు, ఆ బల్ల జోలికే రాలేదు.

అసలు భోజనాలు ఎనిమిదింటికి. టర్కీకి అన్నయ్య అల్లం వెల్లుల్లి, కారం, పెరుగు పట్టించాడు. పైన మాడి ఇంట్లో పొగ అలారం రెండుసార్లు మోగింది. లోపల థర్మామీటర్ గుచ్చితే నూట ఇరవై దాటలేదు, ఫారెన్‌హీట్‌లో నూట అరవై అయిదు డిగ్రీలు రావాలి. చివరికి కోస్తే పొట్టలో కార్జం, కందనకాయ పెట్టిన సంచీ అలాగే ఉంది, తియ్యకుండా కాల్చేశాడు. చిన్నొదిన తెచ్చిన బీన్స్ కాసెరోల్‌ని పెద్దొదిన మూత కూడా తియ్యకుండా మూలకి నెట్టింది. చిన్నొదిన చూసింది, ఏమీ అనలేదు. ఆవిడ అనదు, గుర్తుపెట్టుకుంటుంది.

తినేముందు ఒక్కొక్కరూ దేనికి కృతజ్ఞతలో చెప్పాలని స్కూల్లో నేర్పారట, పిల్లవాడు అందరిచేతా చెప్పించాడు. పెద్దన్నయ్య కుటుంబానికి అన్నాడు. చిన్నన్నయ్య గ్లాసు ఎత్తి, "నేను నిద్రపోతున్నప్పుడు నాన్న ఇల్లు అమ్మేయకుండా ఆగినందుకు మా అన్నయ్యకి" అన్నాడు. అంతే. పెద్దన్నయ్య లేచి సొరుగులోంచి పవర్ ఆఫ్ అటార్నీ కాగితాలు తెచ్చి పంప్‌కిన్ పై అనే గుమ్మడి వంటకం పక్కన పడేశాడు. అమ్మడం కాదు, డెవలప్‌మెంట్‌కి ఇవ్వడం, బిల్డరు సగం ఫ్లాట్లు ఇస్తాడు, సంతకం పెట్టు అన్నాడు. పైఅంతస్తు నా డబ్బుతో వేశారు, దానికి లెక్కేది అన్నాడు చిన్నన్నయ్య. నాన్న మందుల ఖర్చు, నా పెళ్ళికి ఎవరెంత పెట్టారు, 2009లో పంపిన డబ్బు, అన్నీ వచ్చాయి. నా పెళ్ళి లెక్క నా ఎదురుగానే చేశారు, మీ అల్లుడు టీవీ సౌండు కాస్త పెంచారు.

అప్పుడు వచ్చిందమ్మా అసలు మాట. "అమ్మే ఇచ్చెయ్యమంది" అన్నాడు పెద్దన్నయ్య. "అమ్మ నాతో ప్రాణం పోయినా ఇవ్వనంది" అన్నాడు చిన్నన్నయ్య. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు.

బుజ్జి వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "ఈ ఇల్లున్న స్థలం నిప్మక్ తెగ మూలవాసులది. పక్క గ్రాఫ్టన్‌లో వాళ్ళకి మిగిలింది నాలుగెకరాల లోపు. మీరిక్కడ కూర్చుని తెనాలిలో గజాల కోసం అరుచుకుంటున్నారు, హిపోక్రైట్స్" అంది. అనవలసిన మాట కాదు, అనే పద్ధతీ కాదు. పెద్దన్నయ్య చెయ్యెత్తాడు. చిన్నన్నయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు. గ్రేవీ గిన్నె కాగితాల మీద పడింది. పండగ బుజ్జి పాడుచేసిందన్నది ఈ ఒక్క వాక్యం పట్టుకుని.

తర్వాత చిన్నన్నయ్యావాళ్ళు హోటల్‌కి వెళ్ళిపోయారు. వదిన నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది, టర్కీకి కాదు, కూతురికీ కాదు. ఏణ్ణర్ధంగా ఆ ఇంట్లో మొగుడు నవ్వగా చూడలేదట.

అందుకని అడుగుతున్నాను. ఆదివారం ఆ పిల్లని తిట్టకు. 1972లో గుంటూరు హాస్టల్ నుంచి జై ఆంధ్ర ఊరేగింపుకి వెళ్తే తాతయ్య వచ్చి రెక్క పట్టుకుని తెనాలి బస్సెక్కించాడనీ, ఆ ఏడాదే సంబంధాలు చూడటం మొదలుపెట్టాడనీ నువ్వే కదా చెప్పేదానివి. కావాలంటే అది చెప్పు దానికి, వింటుంది. తిట్లు మాత్రం వినదు, ఫోను కట్ చేస్తుంది, అప్పుడు నీకు ఇంకా కోపమొస్తుంది.

ఇల్లు సంగతి వేరే. అది నీ పేరునే ఉంది. పెద్దాడికి నచ్చే మాట పెద్దాడికీ చిన్నాడికి నచ్చేది చిన్నాడికీ చెప్పి, ఎవరి మనసూ కష్టపెట్టలేదనుకుంటున్నావు. ఇక్కడ వాళ్ళు కొట్టుకుంటున్నది ఆ రెండు మాటలు పట్టుకునే. నీకు ఇవ్వాలనుందో లేదో నాకు తెలియదు, నాకు వాటా వద్దని ముందే చెప్పాను కాబట్టి నాకు చెప్పుకోవడానికి భయపడక్కర్లేదు. కానీ చెప్పేటప్పుడు ఇద్దరినీ ఒకే కాల్‌లో పెట్టి చెప్పు. అక్కడ శనివారం రాత్రి ఎనిమిదిన్నర అంటే మాకు పొద్దున్న పది. కాల్ నేనే కలుపుతాను, నువ్వు ఫోను ఛార్జింగ్ పెట్టుకుని కూర్చుంటే చాలు. స్పీకర్ పెట్టకు.

బుజ్జి జూన్‌లో ఒక్కతే వచ్చి నీ దగ్గర నెల రోజులు ఉంటానంటోంది. వదినకి ఇంకా చెప్పలేదు. మాంసం మానేసింది, గోంగూర పప్పు, దోసావకాయ ఉంటే చాలట. జుట్టు అప్పటికి ఏ రంగులో ఉంటుందో మరి.

బీపీ మందు పొద్దున్నే వేసుకో, టిఫిన్ తర్వాత కాదు.

ఇట్లు,
నీ కూతురు